యలవర్తి నాయుడమ్మ

యలవర్తి నాయుడమ్మ (సెప్టెంబరు 10, 1922 – జూన్ 23, 1985) ప్రముఖ చర్మ సాంకేతిక శాస్త్రవేత్త, పరిశోధనా సంస్థల నిర్వాహకుడు. మద్రాసులోని కేంద్రీయ తోళ్ళ పరిశోధనా సంస్థకు 1958 నుండి 1971 వరకు డైరెక్టరుగాను, శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలికి (సి.ఎస్.ఐ.ఆర్) 1971 నుండి 1977 వరకు డైరెక్టర్ జనరల్‌గాను, 1981-82లో ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగాను పనిచేశాడు. 1971లో భారత ప్రభుత్వం పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది. ప్రయోగశాలలో తేలిన విషయాన్ని నేరుగా కర్మాగారానికి ఎక్కించకుండా, మధ్యలో చిన్న ఎత్తున అదే పనిని నడిపి చూసి, ఖర్చూ నష్టమూ తేల్చుకున్న తరువాతనే వ్యాపారి పెట్టుబడి పెట్టాలన్న పద్ధతికి తోళ్ళ పరిశ్రమలో ప్రాచుర్యం కల్పించినవారిలో ఆయన ముఖ్యుడు.

బాల్యం, విద్యాభ్యాసం

నాయుడమ్మ అప్పటి గుంటూరు జిల్లా, తెనాలి సమీపంలోని యలవర్రు గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. తల్లిదండ్రులు రాఘవమ్మ, అంజయ్య. యలవర్రు అమృతలూరు మండలానికి చెందిన ఊరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు అమృతలూరుతో పాటు చెరుకుపల్లి, పిట్టలవానిపాలెం, రేపల్లె మండలాలు కూడా కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరాయి. కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల కింద వరి పండే ఈ ప్రాంతంలో పశుసంపద, దానితో పాటు తోలు పని పూర్వం నుండి ఉన్నవే. చనిపోయిన పశువును ఒలిచి, ఊరి చివర లందలో తోలు నానవేసి, తంగేడు చెక్కతో పదును పెట్టి, చెప్పులు, ఎద్దుల పట్టెడలు, చర్నాకోలలు, డప్పులు చేసేవారు ఊరికి దూరంగా ఉండే మాదిగలు. వ్యవసాయానికి అత్యవసరమైన ఈ వృత్తిని సమాజం మాత్రం అంటరాని పనిగానే చూసింది. రైతు కుటుంబంలో పుట్టిన యువకుడు చదువుకుని మరీ ఈ రంగాన్ని ఎంచుకోవడం 1940లలో మామూలు విషయం కాదు.

గుంటూరు ఎ.సి. కళాశాలలో ఇంటర్మీడియట్ చదివాక, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పారిశ్రామిక రసాయన శాస్త్రంలో పట్టా పొందాడు. తరువాత మద్రాసులో తోళ్ళ సాంకేతిక శిక్షణ సంస్థలో చేరాడు. ఉన్నత విద్య కోసం ఇంగ్లండుకు, అక్కడి నుండి అమెరికాకు వెళ్ళి, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లీహై విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్., పిహెచ్.డి. పట్టాలు పొందాడు. భార్య పవన వైద్యురాలు.

తోళ్ళ వ్యాపారం - అప్పటి స్థితి

మద్రాసు రాష్ట్రం నుండి తోళ్ళ ఎగుమతి పందొమ్మిదో శతాబ్దం నుండే జరిగేది. తంగేడు చెక్క, కరక్కాయ కషాయాలతో సగం శుద్ధి చేసిన ఆవు, మేక, గొర్రె తోళ్ళు ఓడల్లో లండను చేరేవి. వీటికి అక్కడి అంగళ్ళలో ఈస్టిండియా తోళ్ళు అనే పేరు ఉండేది. వాటికి రంగు, మెరుపు, మెత్తదనం కల్పించి బూట్లుగానో సంచులుగానో అమ్మే పని, అందులోని లాభం కూడా, ఐరోపా కర్మాగారాలవే.

సగం శుద్ధి చేసిన తోలునే అమ్మడంలో వ్యాపారికి ఒక సౌకర్యం ఉంది. డబ్బు తొందరగా చేతికి వస్తుంది. పూర్తిగా శుద్ధి చేయాలంటే యంత్రాలు కావాలి, రంగులు కావాలి, సరుకు ఎక్కువ కాలం కొట్టంలోనే ఉంటుంది. అంతా చేశాక ఆ ఏటి ఫ్యాషనుకు ఆ రంగు నచ్చకపోతే పెట్టుబడి మునుగుతుంది. కాబట్టి మద్రాసు, వాణియంబాడి, ఆంబూరు వర్తకులు పాత దారినే అంటిపెట్టుకోవడాన్ని అజ్ఞానంగా కొట్టివేయడానికి వీలులేదు. ఎదుట కనిపించే చిన్న లాభానికి, లెక్కకు అందని పెద్ద లాభానికి మధ్య వారు మొదటిదాన్ని ఎంచుకున్నారు. ఆ రెండోదాన్ని లెక్కకు అందేటట్లు చేయడమే పరిశోధనా సంస్థ ముందున్న పని.

ఈ దిశలో తొలి ప్రయత్నం అప్పటికి అర్ధశతాబ్దం క్రితమే జరిగింది. 1900ల తొలి సంవత్సరాలలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే అధికారి మద్రాసు కళాశిల్ప పాఠశాలలో క్రోమ్ లవణాలతో తోలు శుద్ధి చేసే విధానాన్ని ప్రభుత్వ ఖర్చుతో నడిపి చూపాడు. అయితే ప్రభుత్వమే వ్యాపారం చేయడం తగదని 1910లో భారత వ్యవహారాల మంత్రి మోర్లే అభ్యంతరం చెప్పడంతో ఆ ప్రయత్నం ముందుకు సాగలేదు. చేసి చూపడం ఎక్కడ ఆగాలి, వ్యాపారం ఎక్కడ మొదలవ్వాలి అన్న ఈ చిక్కు తరువాతి తరానికి కూడా మిగిలింది.

కేంద్రీయ తోళ్ళ పరిశోధనా సంస్థ

మద్రాసు అడయారులో ఈ సంస్థకు 1948 ఏప్రిల్ 24న అప్పటి కేంద్ర పరిశ్రమల మంత్రి శ్యామాప్రసాద్ ముఖర్జీ శంకుస్థాపన చేశాడు. విదేశాల నుండి తిరిగివచ్చిన నాయుడమ్మ ఇందులో చేరి, 1958లో డైరెక్టరయ్యాడు. అప్పటికి ఆయన వయసు 36 సంవత్సరాలు.

ఆయన హయాములో సంస్థ రెండు వైపులా పెరిగింది. ఒకటి మౌలిక పరిశోధన. చర్మానికి బలాన్నిచ్చే కొల్లాజెన్ అనే మాంసకృత్తు గురించి లోతైన అధ్యయనం జరిగింది. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్.రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954లో ప్రతిపాదించిన కొల్లాజెన్ మూడు పేటల నిర్మాణానికి కావలసిన పదార్థం దగ్గరలోనే ఉన్న ఈ సంస్థ నుండే అందింది. రెండవది పరిశ్రమతో సంబంధం. కాన్పూరు, కలకత్తా, జలంధర్, రాజ్‌కోట్ వంటి తోళ్ళ కేంద్రాలలో సంస్థ విస్తరణ శాఖలు వెలిశాయి. పశువును ఒలిచేటప్పుడు కత్తిగాట్లు పడకుండా చూడడం, చనిపోయిన పశువు తోలు కుళ్ళకముందే ఉప్పు పట్టించడం వంటి చిన్న విషయాలపై పల్లెలలో శిక్షణ ఇచ్చారు. చూడడానికి చిన్నవైనా, ఒక గాటు పడితే తోలు ధర పడిపోతుంది. ఆ నష్టం చివరకు చేరేది ఒలిచినవాడి కూలికే.

నమూనా టానరీ

సంస్థ ఆవరణలోని నమూనా టానరీ నాయుడమ్మ ఆలోచనా విధానాన్ని అర్థం చేసుకోవడానికి మంచి ఉదాహరణ. పైలట్ టానరీ అని పిలిచే ఈ కర్మాగారం అమ్మకం కోసం నడిచేది కాదు. అసలు టానరీలో ఏమి జరుగుతుందో దానిని చిన్న ఎత్తున అనుకరించడం దీని పని.

సీసాలో విజయవంతమైన విధానం డ్రమ్ములో ఎందుకు విఫలమవుతుందో కొంత వివరించాలి. ప్రయోగశాలలో వాడేది అరచేతి వెడల్పు ఉన్న తోలు ముక్క. నీరు శుభ్రమైనది, ఉష్ణోగ్రత స్థిరమైనది. కర్మాగారంలో వందలాది తోళ్ళు ఒక పెద్ద కొయ్య డ్రమ్ములో కలిసి తిరుగుతాయి. రాపిడికి వేడి పుడుతుంది. వెన్ను దగ్గర మందంగా, పొట్ట దగ్గర పలుచగా ఉన్న తోలులోకి రసాయనం ఒకే వేగంతో ఇంకదు. సున్నం పెట్టడం, వెంట్రుకలు తీయడం, ఉప్పు-ఆమ్లంలో ఊరవేయడం, క్రోమ్ పట్టించడం అనే దశలలో ఒకచోట జరిగిన పొరపాటు మూడు దశల తరువాత గాని బయటపడదు. అప్పటికి సరుకంతా చేయి దాటిపోతుంది.

మరో చిక్కు కూడా ఉంది. ఏ రెండు తోళ్ళూ ఒకేలా ఉండవు. ఒక తోలును పాత పద్ధతిలో, ఇంకొక తోలును కొత్త పద్ధతిలో శుద్ధి చేసి పోల్చితే, తేడా పద్ధతిదో పశువుదో చెప్పలేము. అందుకే తోళ్ళ పరీక్షలలో ఒకే తోలును వెన్ను వెంట నిలువుగా రెండుగా కోసి, ఎడమ సగానికి ఒక విధానం, కుడి సగానికి ఇంకొక విధానం వాడి పోలుస్తారు. వయసు, మేత, జబ్బు, ఈగ కాటు అన్నీ రెండు వైపులా దాదాపు సమానం కాబట్టి మిగిలే తేడా విధానానిదే అవుతుంది. ఖరీదైన పరికరమేదీ అక్కరలేని ఈ ఏర్పాటు, వ్యాపారికి సంఖ్యాశాస్త్రం చెప్పకుండానే దాని ఫలితాన్ని అందిస్తుంది.

పరిశ్రమవారు తమ తోళ్ళను తెచ్చి ఇక్కడ శుద్ధి చేయించి చూసుకునే వీలుండేది. ఎన్ని తోళ్ళకు ఎన్ని చదరపు అడుగుల సరుకు దిగింది, రసాయనం ఎంత పట్టింది, ఎన్ని రోజులు పట్టింది, ఎన్ని తోళ్ళు నాసిరకంగా తేలాయి అన్న లెక్కలతో యజమాని ఇంటికి వెళ్ళగలిగేవాడు. సంస్థ రాష్ట్రాలవారీగా చేసిన సాంకేతిక-ఆర్థిక సర్వేలు దీనికి తోడయ్యాయి. ఏ ప్రాంతంలో ఎన్ని తోళ్ళు దొరుకుతాయి, చెక్క ఎక్కడ నుండి రావాలి, అమ్మకం ఎక్కడ అన్నవి సర్వేలో, లోపలి పని ఎలా నడుస్తుందన్నది నమూనా టానరీలో తెలిసేవి. ఈ రెండూ కలిపితే కర్మాగారం కట్టకముందే దాని జమాఖర్చు చాలావరకు కాగితం మీదికి వస్తుంది. చాటర్టన్‌కు ఎదురైన అభ్యంతరం కూడా ఇక్కడ తలెత్తలేదు. సరుకూ, లాభనష్టాలూ వ్యాపారివే. సంస్థ ఇచ్చేది పరీక్ష మాత్రమే.

ఇదే కాలంలో ఇతర దేశాలలో వ్యాపార నిర్ణయాలకు మరో రకం అనుకరణ మొదలైంది. 1940లలో అమెరికాలోని లాస్ అలమోస్‌లో స్టానిస్లా ఉలాం, జాన్ వాన్ నాయ్‌మన్ యాదృచ్ఛిక సంఖ్యలతో అణు ప్రక్రియలను లెక్కించే మాంటీ కార్లో పద్ధతిని రూపొందించారు. జే ఫారెస్టర్ అనే ఇంజనీరు జనరల్ ఎలక్ట్రిక్ కర్మాగారంలో ఉద్యోగుల సంఖ్య కొన్నేళ్ళకొకసారి పెరిగి తరుగుతుండడానికి కారణం వెదికాడు. ఆర్డర్లు, నిల్వలు, నియామకాలను వారం వారం కాగితంపై లెక్కవేసి, బయటి గిరాకీ స్థిరంగా ఉన్నా యాజమాన్యం తీసుకునే నిర్ణయాలే ఈ ఊగిసలాటను పుట్టిస్తాయని చూపాడు. 1961లో ఆయన వెలువరించిన ఇండస్ట్రియల్ డైనమిక్స్ అనే గ్రంథంతో ఈ పద్ధతి ప్రసిద్ధి పొందింది. తరువాతి కాలంలో సిమ్యులేషన్ అంటే కంప్యూటరే గుర్తుకు వచ్చేంతగా ఇది విస్తరించింది. నమూనా టానరీ వీటి కంటే పాత జాతికి చెందినది. దానిలో సూత్రాలకు బదులు నిజమైన నీరు, నిజమైన తోలు ఉంటాయి. కంప్యూటరు నమూనాలో తయారుచేసినవాడు ఊహించినవి మాత్రమే జరుగుతాయి. డ్రమ్ములో ఊహించనివి కూడా జరుగుతాయి. అయితే బజారు ధరలనూ ఫ్యాషనునూ డ్రమ్ములో తిప్పి చూడడం కుదరదు.

ఎగుమతి విధానం

పచ్చితోలు, అర్ధశుద్ధి తోలు కాకుండా పూర్తిగా శుద్ధి చేసిన తోలు, తోలు వస్తువులు ఎగుమతి చేయాలని నాయుడమ్మ ముందు నుండి వాదించాడు. 1972లో సీతారామయ్య అధ్యక్షతన ఏర్పడిన కమిటీ ఇదే దారిని సూచించింది. 1973లో ప్రభుత్వం పచ్చితోళ్ళ ఎగుమతిని నిషేధించి, అర్ధశుద్ధి తోళ్ళ ఎగుమతిపై కోటాలు విధించి క్రమంగా తగ్గించే విధానం చేపట్టింది.

దీని ఫలితాలు అందరికీ ఒకేలా అందలేదు. యంత్రాలు కొనగలిగిన పెద్ద యజమానులు పూర్తి శుద్ధికి మారారు. కొనలేని చిన్న టానరీలలో అనేకం ఇతరుల సరుకును కూలికి శుద్ధి చేసి ఇచ్చే స్థితికి వచ్చాయి. మొత్తం మీద దేశానికి మాత్రం లాభమే జరిగింది. తరువాతి రెండు దశాబ్దాలలో ఎగుమతులలో ప్రధాన భాగం బూట్లు, దుస్తులు, సంచులు వంటి తయారీ వస్తువులదయింది.

సి.ఎస్.ఐ.ఆర్., కరీంనగర్ ప్రయోగం

1971లో డైరెక్టర్ జనరల్‌గా ఢిల్లీకి వెళ్ళిన నాయుడమ్మ, తోళ్ళలో చేసిన పనినే విస్తృతంగా చేయాలని చూశాడు. దేశంలోని పరిశోధనాశాలలన్నీ కలిసి ఒక జిల్లాను ఎంచుకుని, అక్కడి వనరులకు, పనివారికి తగిన సాంకేతికత ఏదో పరీక్షించాలన్నది ఆలోచన. అందుకు ఆంధ్ర ప్రదేశ్‌లో (2014 నుండి తెలంగాణలో) ఉన్న కరీంనగర్ జిల్లాను ఎంచుకున్నారు. జిల్లాయే ఒక నమూనా టానరీ అయిందన్నమాట.

తోలుకు ఒప్పిన పద్ధతి జిల్లాకు పూర్తిగా ఒప్పలేదు. తోలును వెన్ను వెంట రెండుగా కోసినట్లు జిల్లాను కోయలేము. ఒక ఊరిలో కొత్త పరిశ్రమ నిలిస్తే అది సాంకేతికత గొప్పతనమో, శాస్త్రవేత్తలు దగ్గరుండి చూడడం వల్లనో, అప్పు సులభంగా దొరకడం వల్లనో విడదీసి చెప్పడం కష్టం. అయినా పరిశోధనాశాల నుండి పల్లెకు రావడానికి ఎన్ని మజిలీలు ఉన్నాయో శాస్త్రవేత్తలకు ప్రత్యక్షంగా తెలియజేసిన ప్రయత్నంగా కరీంనగర్ పథకానికి భారత శాస్త్ర విధాన చరిత్రలో స్థానం ఉంది.

1977లో ఆ పదవి నుండి తప్పుకుని మద్రాసుకు తిరిగివచ్చి, 1981 వరకు తోళ్ళ పరిశోధనా సంస్థలోనే కొనసాగాడు. ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థకు సలహాదారుగా అనేక వర్ధమాన దేశాల తోళ్ళ పరిశ్రమలకు తోడ్పడ్డాడు.

మరణం

1985 జూన్ 23న నాయుడమ్మ ఎయిర్ ఇండియా 182వ విమానంలో కెనడా నుండి తిరిగివస్తున్నాడు. మాంట్రియల్ నుండి లండను మీదుగా ఢిల్లీ చేరవలసిన కనిష్క అనే ఆ బోయింగ్ 747 విమానం, ఐర్లండు తీరానికి చేరువలో ఆకాశంలోనే బాంబు పేలి సముద్రంలో కూలిపోయింది. అందులోని 329 మందీ మరణించారు. భర్త మరణాన్ని తట్టుకోలేక భార్య పవన కూడా కొద్దికాలానికే కన్నుమూసింది.

తరువాతి పరిణామాలు

నాయుడమ్మ కృషిని అంచనా వేసేటప్పుడు పాలార్ నదిని విడిచిపెట్టలేము. వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట ప్రాంతాలలో విస్తరించిన టానరీలు ఉప్పు, క్రోమ్ కలిసిన నీటిని శుద్ధి చేయకుండా పొలాలలోకి, పాలార్‌లోకి వదిలాయి. బావులు ఉప్పబారాయి. వెల్లూరు పౌరుల సంక్షేమ వేదిక వేసిన దావాలో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. టానరీల ప్రాంతంలో సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి పాక్షికంగానో పూర్తిగానో సాగుకు పనికిరాకుండా పోయిందన్న సర్వేను కోర్టు ప్రస్తావించి, ఉత్తర ఆర్కాటు అంబేద్కర్‌తో పాటు మరికొన్ని జిల్లాల టానరీలకు ఒక్కొక్కదానికి 10,000 రూపాయల జరిమానా విధించి, మురుగు శుద్ధి ఏర్పాటు లేనివాటిని మూసివేయాలని ఆదేశించింది. కలుషితం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రం భారత చట్టంలో స్థిరపడడానికి ఈ తీర్పు తోడ్పడింది.

ఇది నాయుడమ్మ ఒక్కడి తప్పు అనడం సరికాదు. ఆ కాలంలో ప్రపంచమంతటా తోళ్ళ వ్యాపారపు లెక్కలలో రసాయనానికి, కూలికి, వ్యర్థమైన తోలుకు పద్దులు ఉండేవి గాని, డ్రమ్ము నుండి బయటకు పారే నీటికి పద్దు ఉండేది కాదు. కొద్ది తోళ్ళతో నడిచే నమూనా కర్మాగారపు మురుగు ఎవరి కంటా పడదు. వందలాది టానరీలు ఒకే నది ఒడ్డున చేరినప్పుడు గాని దాని పరిమాణం తెలియదు. చిన్న ఎత్తున చేసిన పరీక్షలో కనిపించనిది పెద్ద ఎత్తున ఎదురవడానికి ఇది స్పష్టమైన ఉదాహరణ. ఆ తరువాత ఆయన పనిచేసిన సంస్థే మురుగు నీటి శుద్ధి, తక్కువ నీటితో, తక్కువ క్రోమ్‌తో తోలు శుద్ధి చేసే విధానాలను తన ముఖ్య పరిశోధనాంశాలుగా చేసుకుంది. పాలార్ పరీవాహకంలో టానరీలు కలిసి ఉమ్మడి శుద్ధి కేంద్రాలను ఏర్పాటు చేసుకున్నాయి.

జ్ఞాపకాలు

నాయుడమ్మ పేరిట తెనాలిలో ఏర్పడిన స్మారక సంస్థ, శాస్త్ర సాంకేతిక రంగాలలో కృషి చేసినవారికి నాయుడమ్మ స్మారక పురస్కారాన్ని అందజేస్తూ వచ్చింది.